సరంగు గారి ఎత్తిన చెయ్యి

మా ఇంట్లో దెయ్యాల సినిమా పెడితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. భయమేసి కాదు, విసుగు పుట్టి. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా మేనత్త ప్రతి అమావాస్యకీ ఏదో ఒక ఆకారం చూసేది. "ఎన్ని గంటలకు చూశావు? పక్కన ఎవరున్నారు? లైటు వెలుగుతోందా?" అని అడిగి ఆమెను ఏడిపించేదాన్ని. ఇప్పటికీ అంతే. ఎవరైనా వింత చెబితే ముందు సాక్ష్యం అడుగుతాను. అందుకే ఈ సంగతి రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆపైన మీ ఇష్టం.

నేనుండేది పుప్పాలగూడలో. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, తొమ్మిదో అంతస్తు. ఫోనులో చూసి నేర్చుకునే శిక్షణ పాఠాలు తయారు చేయడం మా పని. ముందంతా బ్యాంకుల వాళ్లకీ, మందుల ఫ్యాక్టరీల వాళ్లకీ చేశాం. రెండేళ్ల క్రితం ఒక టగ్గుల కంపెనీ పని వచ్చింది.

టగ్గు అంటే పెద్ద ఓడలకి మోకు కట్టి రేవులోకి లాగే చిన్న పడవ. చూడటానికి బుల్లిగా ఉంటుంది గానీ దాని ఇంజను బలం మామూలుది కాదు. దాని మీద పనిచేసేవాళ్లు మంట లేస్తే ఏం చేయాలి, మనిషి నీళ్లలో పడితే ఏం చేయాలి, బయల్దేరే ముందు ఏమేం సరిచూసుకోవాలి, ఇవన్నీ తెలుగులో పాఠాలుగా కావాలన్నారు. సముద్రంలో చీలమండల దాకా తప్ప దిగని నాకు ఆ పని అప్పగించారు.

నా తప్పులు దిద్దడానికి నూకరాజు గారిని పెట్టారు. కాకినాడ మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు టగ్గుల మీద బతికారు. డెక్కు మీద పనివాళ్లకి పెద్దని సరంగు అంటారు, ఆయన సరంగుగా రిటైరయ్యారు. భార్య పోయాక చందానగర్‌లో కూతురు వరలక్ష్మి దగ్గర ఉంటున్నారు.

మొదటి రోజు ఆఫీసుకి రాగానే కాఫీ తాగుతారా అని అడిగాను.

"కాఫీ తర్వాతండి. మెట్లెక్కడున్నాయో చూపించండి ముందు" అన్నారు.

తొమ్మిది అంతస్తులూ దిగి మళ్లీ లిఫ్టులో పైకొచ్చి, అప్పుడు కూర్చున్నారు. నాలుగేళ్లుగా అక్కడ పనిచేస్తున్న నాకు ఆ మెట్లు ఎటు తేలతాయో ఆ రోజే తెలిసింది. నన్ను "నీళ్లెరగని మేడమ్ గారూ" అని పిలిచేవారు. నాకు కోపం రావాలి గానీ ఎందుకో వచ్చేది కాదు.

ఆయన చెబితే మీటింగ్ గదిలో కార్పెట్ మీద రంగు టేపులతో టగ్గు డెక్కు గీశాం. లాగుతున్న మోకు తెగితే అది కొరడాలా వెనక్కి కొట్టే చోటంతా ఎర్ర టేపు. అక్కడ ఎవరు కాలు పెట్టినా ఊరుకునేవారు కాదు. మా మేనేజర్ని కూడా పక్కకి నిలబెట్టారు.

మోకు మీద బరువు పడే ముందు ఏం చేయాలన్న చోట మా ఇద్దరికీ పేచీ వచ్చింది. "అందరూ తమ తమ చోట్ల ఉన్నారో లేదో సరంగు చూసి టిక్ పెట్టాలి" అని రాశాను నేను.

"చూస్తే చాలదండి. గొంతు వినాలి" అన్నారు ఆయన.

ఆయన పద్ధతి ఇది. సరంగు కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి కెప్టెన్ వైపు చూపిస్తాడు. ఆ చెయ్యి పైన ఉన్నంతసేపు టగ్గు లాగకూడదు. ఒక్కొక్కరినీ పేరుతో పిలుస్తాడు. పిలిచినవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పి, "మోకుకి ఎడం" అని అరవాలి. మోకుకి దూరంగా ఉన్నానని అర్థం. చివరి గొంతు విన్నాక సరంగు ముందు పిడికిలి బిగిస్తాడు, తర్వాత చెయ్యి నెమ్మదిగా తొడ దాకా దించుతాడు. మా టీమ్ అందరితో ఆ కార్పెట్ మీద వారం రోజులు ఇది చేయించారు. అద్దాల గోడ అవతల పోయేవాళ్లు మా "మోకుకి ఎడం" అరుపులు విని పడీపడీ నవ్వేవారు.

ఇంత పట్టుదల ఎందుకో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పారు. చాలా ఏళ్ల క్రితం, జోరువాన. కెప్టెన్ తొందర పెడుతున్నాడు. డెక్కు మీద నలుగురు: అప్పలస్వామి, సత్తిబాబు, ఖాసిం, పోలయ్య. మూడు గొంతులు వినబడ్డాయి. పోలయ్యది వినబడలేదు. పసుపు రంగు రెయిన్‌కోటు ఒకటి దూరంగా కనిపించింది, పోలయ్యే కదా అనుకుని ఈయన చెయ్యి దించారు. మోకు తెగింది. పోలయ్య మర్నాడు శవమై ఒడ్డున దొరికాడు.

"చూశాననే అనుకున్నానండి. వినలేదు" అని, టీ గ్లాసు అలాగే వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ రోజు ఇక పని సాగలేదు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. ఆ గొంతుల సీను రెండున్నర నిమిషాలు వచ్చింది. కంపెనీ వాళ్లు సాగతీతగా ఉందన్నారు, మేనేజర్ తీసేయమన్నాడు. నేను తీసేసి, ఆ చోట టిక్ పెట్టాను. రెండు రోజుల తర్వాత నూకరాజు గారు ఫోన్ చేసి, "గొంతుల సీను ఉందా అండీ?" అని అడిగారు.

"ఉందండి" అన్నాను.

రెండు వారాలు తిరగకుండానే ఆయనకి పక్షవాతం వచ్చింది. మదీనాగూడ దగ్గర హైవే మీద ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజు, శనివారం సాయంత్రం నాలుగింటికి, చూడనిచ్చే వేళకి వెళ్లాను. గది నిండా ఎండ పడుతోంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా మేనత్తని లైటు ఉందా అని అడిగినదాన్ని నేనే కదా.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. స్పృహ లేదు, ఎడంవైపు కదలిక లేదు. కుడి మోచెయ్యి మాత్రం పరుపు మీద ఆనించి, చెయ్యి పైకి లేచి ఉంది. అరచెయ్యి ఎదురుగోడ వైపు. సిస్టర్ దాన్ని దించి దుప్పటి కింద పెట్టింది. ఆమె చూస్తుండగానే అది మళ్లీ లేచింది.

"పొద్దుగాల సంది గిట్లనే మేడమ్. నేను దించుడు, ఆయన లేపుడు. జరసేపు కూడ ఉంచుతలేడు" అంది.

కండరాలు బిగుసుకుపోవడం వల్ల కావచ్చని డాక్టరు చెప్పారట. వరలక్ష్మికి ఆ మాట ఎక్కలేదు. మూడు రోజులుగా నిద్ర లేదు ఆమెకి, కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నాన్న ఏదో అడుగుతున్నారండి. నీళ్లతో పెదాలు తడిపాను, అమ్మ ఫోటో చూపించాను, దేవుడి పటం పెట్టాను. ఏం కావాలో తెలీట్లేదండి. అది తెలుసుకోలేకుండానే పంపించేస్తానేమోనని భయంగా ఉందండి" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నాకు గుమ్మంలోనే అర్థమైంది. ఆ చెయ్యిని నేను కార్పెట్ మీద వారం రోజులు చూశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"అడగడం లేదు వరలక్ష్మీ, ఆగమంటున్నారు. తన మనుషుల గొంతులు వినాలని ఆగారు" అన్నాను.

ఆయన పాత ఫోనులో అప్పటి డెక్కు మనుషులవి మూడు నంబర్లు దొరికాయి. నా ఫోను నుంచి ముగ్గురినీ ఒకే కాల్‌లోకి తీసుకుని సంగతి చెప్పాను. అప్పలస్వామి గారు కాసేపు ఏడ్చి, గొంతు సవరించుకుని, "కానివ్వండమ్మా" అన్నారు. స్పీకర్ పెట్టి ఫోను దిండు పక్కన ఉంచాను. పోలయ్య పేరు నేను ఎత్తలేదు. వరలక్ష్మికి ఆ పాత సంగతి అసలు తెలియదు.

ఎలా పిలవాలో నేను చెబితే, నాన్న బదులు ఆమే పిలిచింది. "అప్పలస్వామి బాబాయ్!"

"ఉన్నానండీ సరంగు గారూ! మా మేడ మీద! మోకుకి ఎడం!"

"సత్తిబాబు బాబాయ్!"

"ఆటో స్టాండు కాడ ఉన్నానండీ! మోకుకి ఎడం!" వెనక ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి.

"ఖాసిం బాబాయ్!"

"కొట్లో ఉన్నా సరంగు గారూ. మోకుకి ఎడం" అన్నారు ఖాసిం గారు. ఆయన గొంతు బొంగురు.

చెయ్యి దిగలేదు. వరలక్ష్మి నా వైపు చూసింది. ఇంకా ఎవరి కోసమో నాకు తెలుసు. తెలిసి ఏం చెప్పను? పోలయ్య బదులు ఎవరినైనా పలకమందామా అనిపించింది. ఆయనకి ఒకసారి అబద్ధం చెప్పాను, రెండోసారి నోరు రాలేదు.

అప్పుడు ఫోనులోంచి ఇంకో గొంతు వచ్చింది.

"రాజన్నా, పోలయ్యని. నీ వెనకాలే ఉన్నా. మోకుకి ఎడం."

తొందర లేని గొంతు. పక్క గదిలోంచి పలికినంత దగ్గరగా ఉంది. అందులో కోపం గానీ ఫిర్యాదు గానీ లేవు.

నూకరాజు గారి వేళ్లు ముడుచుకున్నాయి. పిడికిలి బిగిసింది. తర్వాత ఆ చెయ్యి నెమ్మదిగా, కార్పెట్ మీద మాకు నేర్పినట్టే, తొడ దాకా దిగి అక్కడ ఆగింది. మళ్లీ లేవలేదు. వరలక్ష్మి ఆ చేతిని పట్టుకుని, "అదేనా నాన్నా? అదేనా కావలసింది?" అంటూ ముద్దు పెట్టుకుంది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

సోమవారం పొద్దున్న, కూతురు పెదాలు తడుపుతుండగా ఆయన పోయారు. ఆమె ముఖంలో దిగులు ఉంది గానీ శనివారం నాటి ఆ భయం లేదు.

ముగ్గురిలో ఎవరో దయతలచి పోలయ్యలా పలికారనుకున్నాను నేను. ఆసుపత్రి బయట నిలబడి, థాంక్స్ చెబుదామని ఆ శనివారం సాయంత్రమే ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేశాను.

అప్పలస్వామి గారు, "నేను కాదమ్మా. సత్తిబాబు అనుకుని మనసులో దండం పెట్టుకున్నా" అన్నారు. సత్తిబాబు గారు ఖాసిం అనుకున్నారట. ఖాసిం గారు మాత్రం నన్నే ఎదురడిగారు.

"నా గొంతు అలా ఉంటుందా అమ్మా? మేమంతా ఆయన్ని సరంగు గారనే పిలిచాం. రాజన్నా అన్నది పోలయ్య ఒక్కడే. పదకొండేళ్లు ఒకే గదిలో పడుకున్నాం వాడూ నేనూ. ఆ గొంతు నాకు తెలీదా?" అన్నారు.

నా ఫోనులో ఆ కాల్ వివరాలు ఇప్పటికీ ఉన్నాయి. నాతో కలిపి నలుగురం. ఐదో నంబరు లేదు. రోజంతా గొంతులు రికార్డు చేసే ఉద్యోగం నాది, ఆ ఒక్క గొంతు రికార్డు చేయాలని మాత్రం తోచలేదు.

ఈ కథేమీ తెలియని సిస్టర్ని కూడా అడిగాను, ఎంతమంది మాట్లాడారని.

"నలుగురు గద మేడమ్. ఆఖరాయన రాజన్నా అన్నడు, ఇగ చెయ్యి దించిండు. ఆయన్ని ముందుగాల్నే పిలిస్తే పెద్దమనిషి గింత పరేషాన్ కాకపోతుండె" అంది.

మంగళవారం ఆఫీసుకి వెళ్లి ఆ సీను మళ్లీ పెట్టాలని పోట్లాడాను. ఎందుకో పూర్తిగా చెప్పలేదు, చెబితే సెలవు తీసుకోమనేవారు. చివరికి ఒప్పుకున్నారు. పాఠంలో ఆ మూడు గొంతులూ వాళ్లవే, ఫోనులో చెప్పించి పెట్టాను. నాలుగో మనిషిగా పలకమంటే ముగ్గురూ ఒప్పుకోలేదు. ఆ చోట నాలుగు క్షణాలు ఖాళీగా వదిలాను, ఆ తర్వాతే తెర మీద సరంగు చెయ్యి దిగుతుంది. అది పొరపాటేమోనని కంపెనీ వాళ్లు రెండుసార్లు అడిగారు. కాదన్నాను.

వేరే ఎవరి కాలో మధ్యలో కలిసిందేమో, సత్తిబాబు గారి ఆటో స్టాండులో ఎవరైనా పలికారేమో, మేమంతా దుఃఖంలో ఒకేలా భ్రమపడ్డామేమో, అన్నీ ఆలోచించాను. ఏదీ సరిపోలేదు. ఆ రోజు పలికింది ఎవరో నేను చెప్పలేను. పోలయ్య పోయాక ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేశారు నూకరాజు గారు. చివరి గొంతు వినకుండా ఒక్కసారి కూడా ఆ చెయ్యి దించలేదు.