చెబితే గీసిన ముఖాలు

మొన్న సంతనాడు మా చిన్నమామయ్య పోయాడు. మన్యం జ్వరం. అరకు సంతకి వచ్చేవారిలో ఆయన్ని ఎరగనివారుండరు గనక పాఠకులకి ఈ నాలుగు మాటలు.

ఒక జమీందారుగారి సాయంతో లండను వెళ్లి చిత్రలేఖనం చదువుకున్న మనిషి ఆయన. మద్రాసులో స్థిరపడతాడనుకుంటే, కొండ మీద ఉప్పుకొట్టు పెట్టుకున్న మా అమ్మానాన్నల దగ్గరికి వచ్చి ఉండిపోయాడు. రంగు చేతులు పంచెకే తుడుచుకునేవాడు. అమ్మ తిడితే, "అక్కా, ఉతికితే పోద్ది గానీ తిడితే పోద్దేటి?" అని నవ్వేవాడు.

పై దేశం చదువు గురించి అడిగితే ఒకే సంగతి చెప్పేవాడు. సెలవుల్లో గొప్ప చిత్రాలకి నకళ్లు గీసుకురమ్మని గురువులు ఇటలీ పంపారట. ఫ్లారెన్సులో ఆయనకి గది అద్దెకిచ్చిన ముసలమ్మ కొడుకు పెద్ద యుద్ధంలో చనిపోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. తన కొడుకు బొమ్మ వెయ్యమందామె. చూడని మనిషిని ఎలా వెయ్యనంటే, నేను చూశానుగా అంది. వచ్చీరాని మాటలతో ఆమె చెప్పడం, ఈయన గీయడం, ఆమె కాదనడం. సెలవులన్నీ ఆ వంటింట్లోనే గడిచిపోయాయి. చివరికి ఒక ఉదయం ఆమె కాగితం మీది చెంప నిమిరి, కొడుకుని పేరుపెట్టి పిలిచింది.

నకళ్లు లేకుండా తిరిగివెళితే గురువులు చీవాట్లు పెట్టారు. "పెడితే పెట్టారు. బొమ్మ గీయడమంటే ముందు వినడమని ఆ వంటింట్లోనే తెలిసిందే గుంటా," అనేవాడు నాతో.

నా చెల్లెలు పసితనంలోనే జ్వరంతో పోయింది. ఆ తరవాత అమ్మ దాని పేరెత్తడం మానేసింది. ఒకనాడు మామయ్య కాగితం తెచ్చుకుని పొయ్యి దగ్గర అమ్మకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటి సేత్తన్నావు?" అంది అమ్మ.

"నువ్వు సెప్పక్కా, నేను గీత్తాను."

"దాని మొకం నీకు తెల్దేటి?"

"నాకు తెలిసింది కాదు, నీకు తెలిసింది కావాల."

అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. గరిట తిప్పుతూ తిప్పుతూ, "ఒక్క పక్కకే నవ్వీది," అంది. ఇక ఆగలేదు. చెబుతూ ఏడిచింది, ఏడుస్తూ చెప్పింది. పొయ్యి ఆరిపోయినా ఇద్దరూ లేవలేదు.

ఆ బొమ్మని కొట్టులో చూసిన కొండవాళ్లు, పోయిన తమవాళ్ల ముఖాలు చెప్పుకోవడానికి రాసాగారు. వాళ్ల కోసం వాళ్ల భాష నేర్చుకున్నాడు. ఎవరినీ తొందరపెట్టేవాడు కాదు. "మొకం దాని ఇష్టమొచ్చినప్పుడు వత్తాది," అనేవాడు.

ఈసారి జ్వరం తగలగానే మైదానానికి పంపేద్దామని నాన్న బండి కట్టించాడు. "ఓ తల్లి సెప్పడం సగంలో ఉంది బావా, అవనీ," అన్నాడు మామయ్య. ఆ బొమ్మ పూర్తయింది. బండి అవసరం మాత్రం మళ్లీ రాలేదు.

నిన్న ఎక్కడో పై ఊరి నుంచి ఒకామె వచ్చింది, భర్త బొమ్మ వేయించుకుందామని. మామయ్య లేడని చెప్పాను. ఆమె తిరిగి వెళ్లలేదు. గంప దించి అరుగు మీద కూర్చుంది.

"ఆడి కనుబొమ్మలు రెండూ కలిసిపోయీవి," అంది.

నాకు గీయడం రాదు. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఎదురుగా కొండవాలంతా వలిసె చేల పూలతో పసుపుపచ్చగా వెలుగుతోంది. ఆమె వేలితో తన నుదుటి మీదే ఆ కనుబొమ్మలు మెల్లగా గీసి చూపిస్తోంది.