తాలు కుప్పలో దొరికిన ప్లగ్గు

కూర్చో. అట్లా గుమ్మం బయట ఒక కాలు, లోపల ఒక కాలు పెట్టి వింటే కుదరదు. ఆ కుర్చీ ఇటు లాక్కుని సరిగ్గా కూర్చో. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలి, మధ్యలో నీ సొంత కవిత్వం కలపకూడదు. పొద్దున మీ నాన్న కారు స్టార్ట్ చేస్తుంటే వెనక సీట్లో నేనెందుకు నవ్వానని అడిగావు కదా, అదే చెప్తున్నా. వాడు బటన్ నొక్కగానే స్టీరింగ్ వెనక అద్దంలో పసుపుపచ్చగా చుట్టలు తిరిగిన తీగ బొమ్మ ఒకటి వెలిగి, రెప్ప వేసేలోగా ఆరిపోయింది. వాడూ చూడలేదు, నువ్వూ చూడలేదు. నేను చూశాను. ఆ బొమ్మ చెప్పే పని జరగడం కోసం ఒకప్పుడు మా ముఠా ముఠా అంతా గుంటూరు వీధిలో పట్టా పరుచుకుని కూర్చుందే, మరి నవ్వు రాదూ?

ముఠా అంటే ఇంకేదో అనుకునేవు, మిరపకాయ కోతకు వెళ్ళే ఆడవాళ్ళ జట్టమ్మా. పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఆ ముఠాకు నేనే మేస్త్రిని. రైతులతో మాట్లాడుకోవడం, మనుషుల్ని పోగెయ్యడం, అందరికంటే ముందు లేచి వీధి వీధి తిరిగి తలుపులు కొట్టడం నా పని. మీ తాతయ్య పొగాకు సాగు మీద విసుగెత్తిపోయి, ఎవరో వాడి వాడి వదిలేసిన డీజిల్ వ్యాన్ ఒకటి కొన్నారు. ఈ తలుపు మూస్తే ఆ తలుపు తెరుచుకునేది, హారన్ ఒక్కటే కొత్తది. అయినా పక్క ఊరి ముఠాలు ట్రాక్టర్ ట్రక్కుల్లో నిలబడి దుమ్ము మింగుతూ పోతుంటే, మేం సీట్ల మీద కూర్చుని కిటికీలోంచి వాళ్ళకి చేతులూపుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఎంత గర్వమో చెప్పలేను.

ఆ గర్వమంతా మంచు పట్టే రోజుల్లో దిగిపోయింది. మధ్యాహ్నం బాగానే తిరిగే బండి తెల్లారుజామున మాత్రం గుర్రు గుర్రుమని మూలిగి ఊరుకునేది. మీ తాతయ్య ముందు రోజే దాన్ని కాలవకట్ట మీద ఏటవాలుగా పెట్టి ఉంచేవారు, పొద్దున్నే మేం కొంగులు బిగించి తోసేవాళ్ళం. కిందికి దొర్లినా స్టార్ట్ అయ్యేది కాదు. అప్పుడు పత్తి కట్టెలు మంటపెట్టి, ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం దగ్గర పట్టుకుంటే ఎప్పటికో తెల్లగా, నల్లగా పొగ కక్కి లేచేది. మా ముఠాలో తోటికోడలు ఒకావిడ ఉండేది, నోరు ఊరికే ఉండదు. "బావగారూ, మిరపకోతకి ఒక కూలి, బండి తోపుడికి ఇంకో కూలి రాసుకోండి" అనేది. మీ తాతయ్య మొహం చిన్నబోయేది. బ్యాటరీ మార్చారు, నిమ్మకాయలు మార్చారు, నిలబెట్టే దిక్కు కూడా మార్చారు. బండి మాత్రం మారలేదు.

మేం ఆ ఏడు ఒప్పుకున్నది పెద్ద చేను. రెండో కోతకు కాయ పండి విరగబడుతోంది, రైతు కంగారు రైతుది. మేం ఎండెక్కాక దిగుతున్నామని ఆయన ఒకరోజు గట్టు మీదే నిలబడి, "ఏమ్మా మేస్త్రీ, మీరు కాయ కొయ్యడానికి వస్తున్నారా, అన్నం తినడానికి వస్తున్నారా? ఈ కోతకి కూడా ఇట్లాగే వస్తే చెప్పండి, ట్రాక్టర్ పంపి వేరే ముఠాని దింపుకుంటా" అన్నాడు. ఆ చేను పోతే ఆ కాలం కోతలన్నీ పోయినట్టే, ఒక రైతు వద్దన్న ముఠాను ఇంకో రైతు పిలవడు. అంతమంది ఆడవాళ్ళు నా మాట మీద వచ్చినవాళ్ళు. వాళ్ళ మొహాలెట్లా చూడను? పైగా మీ తాతయ్య ఇంటికి రాగానే, ఈ దరిద్రాన్ని తుక్కుకి అమ్మేస్తానని కూర్చున్నారు.

పర్చూరులో మెకానిక్ షెడ్డు మా పెద్దమ్మ కొడుకుది, నాకు అన్నయ్య. వచ్చి ఇంజిన్‌లోంచి వేలెడంత ఇనప ముక్కలు నాలుగు ఊడదీశాడు. వాటిని హీటర్ ప్లగ్గులంటారు, ఇప్పుడు మీరు గ్లో ప్లగ్గులంటున్నారు. పొద్దున కారులో వెలిగిన తీగ బొమ్మ వీటిదే. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదంట, వేడికే అంటుకోవాలి. చలిలో ఆ వేడి ముందుగా ఈ ప్లగ్గు కొస ఇవ్వాలి. అన్నయ్య ఒక్కొక్కదాన్ని పట్టకారుతో పట్టుకుని బ్యాటరీకి వైరు పెట్టి చూపించాడు. మూడు చచ్చిపడి ఉన్నాయి, ఒక్కటి మాత్రం కొసన పండుమిరపకాయలా ఎర్రబడింది. "ఇట్లా నాలుగూ ఎర్రబడాలి చెల్లెమ్మా, అంతే దీని రోగం" అన్నాడు. అంతే అన్నాడు గానీ, ఆ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మీ తాతయ్య ఒక చోట తెచ్చినవాటి మర, అదే బిగించే చుట్టు, బాగానే పట్టింది గానీ కొస పొడుగు, పెడితే లోపల పిస్టన్‌కి తగిలి ఇంజిన్ బద్దలవుతుందన్నాడు అన్నయ్య. చీమకుర్తి వెళ్ళి రాళ్ళ లారీల సామాను కొట్లో తెచ్చినవాటి పొడుగు సరిపోయింది గానీ అవి లారీవి, రెండు బ్యాటరీల కరెంటు కావాలంట, మా ఒక్క బ్యాటరీకి గోరువెచ్చగా అయి ఊరుకున్నాయి.

ఇక గుంటూరే దిక్కన్నాడు అన్నయ్య. కోతకు ఒక్కరోజు విరామం దొరికింది. ఆ రోజు అన్నయ్యతో సహా ముఠా అంతా బండెక్కింది. ఎందుకంటావా? గుంటూరు నడిబజారులో బండి ఆగిపోతే ఎవరు తోస్తారు మరి! తోసేవాళ్ళని బండిలోనే ఎక్కించుకుని వెళ్ళిన ఘనత మాదే. నల్లపాడు రైలు గేటు దగ్గర ఆగింది కూడా. దిగాం, తోశాం, ఎక్కాం.

పాత సామాను కొట్టు ఆసామి మంచివాడే. మా ప్లగ్గు చూసి, ఇట్లాంటివి వచ్చి చాలా కాలమైందని, అన్ని రకాలూ కలిసిపోయిన ప్లగ్గుల బస్తా ఒకటి తెచ్చి మా ముందు బోర్లించాడు. అబ్బో, ఎంత కుప్పో! తుప్పుపట్టినవీ, మసిబారినవీ, విరిగినవీ. "ఉంటే ఇందులోనే ఉండాలమ్మా. ఏరే ఓపిక మాత్రం నాకు లేదు" అన్నాడు. మీ తాతయ్య ఆ కుప్ప చూసి ఎదురుగా సోడా బండి దగ్గరికి వెళ్ళి కూలబడ్డారు. నేను మాత్రం ఆ కుప్పను చూసి మా వాళ్ళ వంక చూశాను. వాళ్ళూ నా వంకే చూస్తున్నారు. కల్లంలో ఎండిన మిరపకాయల రాశి ముందు కూర్చుని, రంగు తేలిపోయిన తాలుకాయ ఒక పక్కకీ, ఎర్రకాయ ఒక పక్కకీ ఏరడం పుట్టినప్పటినుంచీ మా చేతుల్లో ఉన్న పని. ఇనుమైతేనేం?

బండిలో పట్టా తీసి కొట్టు ముందు పరిచాం. చుట్టూ కూర్చున్నాం. మా పాత ప్లగ్గు మధ్యలో పెట్టాం, దాని పక్కన పెట్టి పొడుగు చూడటం ఒకరి వంతు, అన్నయ్య ఇచ్చిన బోల్టులో మర పడుతుందో లేదో చూడటం ఒకరి వంతు. అన్నిటికీ నిలిచినవి అన్నయ్య దగ్గరికి వెళ్ళేవి, ఆయన బండి బ్యాటరీ నుంచి వైరు పెట్టేవాడు. కొస చల్లగా ఉండిపోతే మేమంతా ఒక్క గొంతుతో "తాలూ!" అని అరిచేవాళ్ళం. మొదటిది ఎర్రబడగానే మా తోటికోడలు లేచి చప్పట్లు కొట్టింది. దారినపోయేవాళ్ళు ఆగిపోయారు, సోడా బండివాడు సోడాలు మర్చిపోయి మాతో కలిసి "తాలూ" అనడం మొదలుపెట్టాడు. మీ తాతయ్య కూడా మెల్లిగా వచ్చి నా వెనక నిలబడ్డారు.

రెండోది కూడా దొరికింది. మా పాతదానితో కలిపి మూడు. ఇంకొక్కటి కావాలి. కుప్ప అయిపోయింది. పట్టా మీద తాలు తప్ప ఏమీ మిగల్లేదు. కొట్టు ఆసామి పాపం తనే తప్పు చేసినట్టు నిలబడ్డాడు.

మా పెద్దత్తగారు, అంటే మీ తాతయ్య పెద్దనాన్న భార్య, మా ముఠాలో అందరికంటే పెద్దావిడ, కదల్లేదు. "ఏమే, తాలు రెండోసారి చూడకుండా లేస్తారా? కల్లంలో ఇట్లాగే లేస్తున్నారా?" అని కసిరింది. నిజమే, అది మా పద్ధతి. ఏరడం అయ్యాక తాలు కుప్పను మళ్ళీ ఒకసారి చేత్తో తిరగేసి, పొరపాటున పడ్డ మంచికాయ తీశాకే నడుం ఎత్తాలి. ఆవిడకు చూపు సరిగ్గా ఆనదు, అంతా వేళ్ళతోనే. ఒక్కొక్కటే తడుముతూ తడుముతూ ఒకదాని దగ్గర ఆగింది. తిప్పి చూసింది, గోటితో గీకింది. "దీని తొడిమకి మట్టి పట్టిందే" అంది. తొడిమంటే వైరు పెట్టే చోటు! తుప్పుగట్టి కరెంటు లోపలికి పోవట్లేదు. పక్కనున్న ఇటుక ముక్క మీద కసాకసా రుద్ది అన్నయ్య చేతికిచ్చింది. వైరు పెట్టాడు. కాసేపు ఏమీ లేదు. తరవాత కొసన కుంకుమబొట్టంత ఎరుపు, అది పాకి పాకి ప్లగ్గు మూతి అంతా పండిపోయింది. వీధి వీధంతా అరిచిందనుకో! మీ తాతయ్య అందరి ముందూ ఒంగి పెద్దత్తగారి కాళ్ళకి దండం పెట్టారు. ఆవిడ మాత్రం, "ముందు సోడా ఇప్పించరా, గొంతెండిపోయింది" అంది.

మర్నాడు తెల్లవారుజామున మంచు ఎట్లా ఉందంటే పక్కమనిషి కనపడటం లేదు. అలవాటు కొద్దీ మేమంతా బండి వెనక చేరి చేతులానించి నిలబడ్డాం. మీ తాతయ్య తాళం తిప్పి ఆగారు. ముందు అద్దం కింద చిన్న రంధ్రంలో తీగ ఒకటి ఉండేది, అది ఎర్రబడే దాకా ఆగాలి. వెనక అద్దంలోంచి అందరం దాని వంకే చూశాం. ఎర్రబడింది. ఇంకొంచెం తిప్పారు. ఒక్క దెబ్బకి బండి డడడడమని లేచి ముందుకు దూకింది, తోద్దామని వాలిన మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం! లేవకుండా అక్కడే నవ్వాం, మంచులో, మట్టిలో. మేం చేను దగ్గరికి వెళ్ళేసరికి రైతు ఇంకా వేపపుల్ల నములుతున్నాడు. మీ తాతయ్య ఆ కొత్త హారన్ ఆపకుండా కొడుతూనే ఉన్నారు. ఆ చేను మాదే, ఆ కాలం కోతలన్నీ మావే.

ఇప్పుడు తోసే పని లేదు, ఆగే పనీ లేదు. మంచిదే, కాదనను, నా నడుముని అడుగు చెప్తుంది. కానీ ఆ తీగ ఎర్రబడేంతసేపు అంతమందిమి మాటా పలుకూ లేకుండా ఒకే చుక్క వంక చూసేవాళ్ళం చూడు, అది మళ్ళీ నాకెక్కడా కనపడలేదు. మీ నాన్న కారులో ఆ బొమ్మ వెలిగినా చూసేవాళ్ళు లేరు. వ్యాన్ తుక్కుకి పోయిన రోజు నేను పెద్దత్తగారి ప్లగ్గు ఒక్కటీ ఊడదీయించి దాచుకున్నా. అదుగో ఆ అలమరలో పాత పోపులడబ్బాలో ఉంది, తియ్యి. కారు బ్యాటరీకి పెట్టి చూద్దాం, అది ఇప్పటికీ... ఏమ్మా కోడలా, వడ్డించేశావా? వస్తున్నా, వస్తున్నా, పప్పు చల్లారితే ఏం కాదు. ఇదిగో, నేను రెండు ముద్దలు తిని వచ్చేలోగా నువ్వు దాని తొడిమ ఇటుక మీద బాగా రుద్ది, వైరు ఒక కొస పట్టుకుని ఉండు, రెండోది నేనొచ్చి పెడతా.