తమ్ముడి తలనొప్పి తగ్గించిన మందు

మూలికల మందులు తయారుచేసే చిన్న కార్ఖానాలో ఆమె సీసాలకు లేబుళ్ళు అంటించేది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయినప్పటినుంచీ రెండు గదుల ఇంట్లో ఆమె, తమ్ముడు, అంతే.

తమ్ముడు బట్టలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. కత్తెర పట్టాడంటే పీలిక కూడా వృథా పోదని పేరు. మెత్తటి మనిషి. సాయంత్రమైతే మాత్రం కాళ్ళు వాటంతటవే బారు దారి పట్టేవి. అయినా ఒక హద్దుండేది. తాగిన మర్నాడు తల పగిలిపోయేది, మంచినీళ్ళు కూడా కడుపులో నిలిచేవి కావు. కత్తెర పట్టబోతే చెయ్యి వణికేది. సిగ్గుపడి రెండు మూడు రోజులు మందు జోలికి పోయేవాడు కాదు.

కార్ఖానాలో లివరు టానిక్ ఒకటి తయారయ్యేది. లేబులు మీద 'కాలేయానికి కవచం' అని ఉండేది. రోజుకు కొన్ని వందలసార్లు ఆ మాట కళ్ళబడుతుంటే ఆమెకు దాని మీద గురి కుదిరింది. ఒక సీసా ఇంటికి తెచ్చింది.

"రోజూ రెండు మూతలు తాగరా. లివరుకు మంచిదట."

"మందుకు మందే విరుగుడన్నమాట," అని నవ్వి, అక్క మాట కొట్టెయ్యలేక గుటుక్కున మింగాడు.

వారం తిరక్కుండానే, తాగిన మర్నాడు పొద్దున్నే లేచి ఆకలేస్తోందన్నాడు. రెండోసారి వడ్డించుకు తిన్నాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"తల దిమ్ము లేదక్కా, వికారం లేదు. ఇన్నాళ్ళూ ఎందుకు తేలేదు?"

తల నొప్పెట్టకపోయేసరికి మధ్యలో ఆగే రోజులు పోయాయి. బారుకు బయల్దేరే ముందు రెండు మూతలు తాగి, "కవచం తొడుక్కున్నా," అనేవాడు. ఆమె కూడా నవ్వేది. తర్వాత అన్నిటికన్నా ఆ నవ్వునే తను క్షమించుకోలేకపోయింది.

ఏడాదిన్నరకు అతని కళ్ళు పచ్చబడ్డాయి. తన కొలతలకు తనే కత్తిరించుకున్న చొక్కా పొట్ట మీద గుండీ పట్టలేదు. ఆస్పత్రిలో ఆమె టానిక్ సీసా తీసి డాక్టరు ముందు పెట్టింది.

"ఇది వాడాక తాగుడు తగ్గిందా, పెరిగిందా?"

"పెరిగిందండీ."

"మద్యాన్ని లివరు విరగ్గొట్టేటప్పుడు మధ్యలో ఒక విషం పుడుతుందమ్మా. తలనొప్పికీ వాంతులకీ కొంతవరకు అదే కారణం. ఈ మూలికలు దాన్ని తొందరగా బయటికి పంపాయో, ఇంకేం చేశాయో నేను చెప్పలేను. నొప్పి తగ్గింది గానీ దెబ్బ తగ్గలేదు. మీ తమ్ముణ్ణి అంతో ఇంతో ఆపుతూ వచ్చింది ఆ నొప్పే."

"నేనే తెచ్చిచ్చానండీ."

"తాగింది అతను," అన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె చెవి దాటి లోపలికి పోలేదు.

ఇంటికొచ్చాక సీసాలన్నీ కాలవలో ఒంపేసింది. "రెండూ మానెయ్‌రా, నీకు దణ్ణం పెడతాను," అంది.

"టానిక్ మానేస్తానక్కా," అన్నాడు. సాయంత్రం మళ్ళీ బారుకే వెళ్ళాడు.

టానిక్ ఆపగానే తలనొప్పి తిరిగొచ్చింది. ఈసారి దానికి అతను ఆగలేదు. నొప్పి అణచడానికి పొద్దున్నే మొదలుపెట్టాడు. నాలుగు నెలలకు, మధ్యాహ్నంపూట, ఆస్పత్రి మంచం మీద అక్క చెయ్యి పట్టుకునే పోయాడు. అప్పటికి ఆమెను గుర్తుపట్టే స్పృహ కూడా లేదు.

పది రోజుల తర్వాత ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"తాగేవాళ్ళు దీన్ని నమ్ముకోవద్దని లేబులు మీద ఒక్క ముక్క వేయించండి బాబూ."

మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చాడు. "అలా వేస్తే కొనేదెవరమ్మా? కొనేవాళ్ళంతా వాళ్ళేగా," అన్నాడు.

నీళ్ళు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. పని మానేద్దామనుకునే వచ్చింది. యాభై దాటిన మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? లేచి, బయట తన స్టూలు మీద కూర్చుంది. పక్కనున్నామె టానిక్ సీసాల కొత్త పెట్టె ఇటు జరిపింది.