బేస్‌మెంట్ తలుపుకు తాళం

ఉత్తరాదిన ఇందిరాపురంలోని మా అపార్ట్‌మెంట్లలో రోజుకు ఆరేసి ఇళ్ల బాత్రూములు కడిగే ఆడవాళ్లకు వెళ్లడానికి ఒక్క మరుగుదొడ్డి లేదు.

కట్టక కాదు. బేస్‌మెంట్‌లో జనరేటర్ గది పక్కన పనివాళ్ల కోసమే బిల్డరు కట్టి ఇచ్చాడు. నేను బళ్లో చదివింది రెండో తరగతే. అయినా ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు డ్రాయింగులు చూసి పనిచేసినవాణ్ణి. మా అపార్ట్‌మెంట్ల ఆఫీసు గోడకున్న బిల్డింగు ప్లాను చదవగలను, అందులో ఆ దొడ్డి ఉంది. దాని తలుపుకు మా కమిటీ తాళం వేసింది. లోపల దీపావళి సీరియల్ బల్బులూ, విరిగిన కుర్చీలూ.

మా ఇంట్లో పనిచేసే దీదీ, కోడలు ఇచ్చిన టీ రెండు గుక్కలు తాగి మిగతాది సింకులో పారబోస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏం దీదీ, టీ బాగోలేదా?"

"అచ్ఛీ హై బాబూజీ, బాగానే ఉంది. తాగితే మధ్యలో వెళ్లాల్సొస్తుంది. మీ ఇంట్లో సరే, మిగతా ఐదిళ్లలో ఎవరు వెళ్లనిస్తారు? మూత్రంలో మంటతో రెండుసార్లు జ్వరమొచ్చింది. ఇంకోసారి వస్తే కిడ్నీ పోతుందట. నీళ్లు బాగా తాగు అంటాడు డాక్టరు. ఆయనకేం, చెప్పేస్తాడు!"

నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇది ఏనాడో గెలిచిన పోరాటం కదా!

నేను పనిచేసే రోజుల్లో, ఇక్కడికి దగ్గర్లోనే సాహిబాబాద్ ఫ్యాక్టరీల వెనక మా రేకుల కాలనీలో ఆడవాళ్లు తెల్లవారకముందే రైలు పట్టాల వైపు వెళ్లేవాళ్లు. మగవాళ్లం జీతాల కోసం గేటు ముందు గొంతు చించుకున్నామే గాని, దీని గురించి ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు. చివరికి ఆడవాళ్లే ఖాళీ చెంబులు పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు నడిచారు. ఆఫీసరు వరండా పొడవునా చెంబులు వరసగా పెట్టి కూర్చున్నారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడాయన.

"చోటు చూపించు బేటా. లేదంటే మాకు ఈ వరండా చాలు" అంది మా పక్కింటి ముసలమ్మ.

ఆ వానాకాలం దాటేలోగా కాలనీలో మరుగుదొడ్లు లేచాయి. వాటి వెనకే కొళాయిలు, వీధి దీపాలు వచ్చాయి. ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఆ చెంబులు ఇప్పించాయి. ఇప్పుడు లిఫ్టులూ పాలరాతి లాబీలూ ఉన్నచోట అదే ఆడవాళ్ల కోడళ్లు, మనవరాళ్లు మళ్లీ దాహం చంపుకుంటున్నారు.

కమిటీ సెక్రటరీ దగ్గరికి వెళ్లాను. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మన తెలుగువాడే.

"హైజీన్ ప్రాబ్లమ్ అవుతుంది అంకుల్. ఎవరు క్లీన్‌గా ఉంచుతారు?"

"మీ బాత్రూము ఎవరు కడుగుతున్నారు బాబూ?"

"అలా కాదంకుల్, సెక్యూరిటీ కూడా చూసుకోవాలిగా. రాసివ్వండి, మీటింగ్‌లో పెడతాం."

రాసిచ్చాను. పోయిందన్నారు, మళ్లీ రాశాను. తాళం ఎందుకు వేశారు, ఎప్పుడు తీస్తారు అని రెండే ప్రశ్నలు. నెల తర్వాత వాట్సాప్‌లో జవాబొచ్చింది:

"నమస్తే అంకుల్. మీ రిక్వెస్ట్ అప్రూవ్ అయింది. రేపటి నుంచి తాళంచెవి గేటు దగ్గర గార్డు వద్ద ఉంటుంది. వాడుకునే ప్రతి మెయిడ్ రిజిస్టర్‌లో పేరు, ఫ్లాట్ నంబరు, లోపలికి వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ రాసి సంతకం పెట్టాలి. రాయడం రానివాళ్లకు మీరు హెల్ప్ చేస్తారని ఆశిస్తున్నాం."