అడ్డు దగ్గర ఫుల్‌స్టాప్

రాష్ట్రం విడిపోయిన ఏడాది వేసవిలో మా వీధి చివరి ఇంటి కోడలికి నలభై రోజులు ఇంగ్లీషు చెప్పాను. ఆమె చీపురుపల్లిలో మా చర్చి వాళ్ళ బడిలో ఆయా. పెళ్ళయి వచ్చాక ప్రైవేటుగా ఇంటర్మీడియెట్ కట్టి ప్యాసయింది. ఆ వేసవిలో బడికి చిన్న తరగతుల సహాయ టీచరు కావలసివచ్చింది. శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిన హెడ్మిస్ట్రెస్ గారు ఆమెను పిలిచి, ఇంగ్లీషు రాతపరీక్ష ప్యాసైతే ఆ పని నీకే, లేకపోతే బయటివాళ్ళను తీసుకుంటాం అన్నారట. పదేళ్ళుగా పిల్లల ముక్కులు తుడిచిన గదిలో, బోర్డు ముందు నిలబడే అవకాశం అది.

పరీక్షలో పది ఇంగ్లీషు జాతీయాలు ఇస్తారు. ఒక్కొక్కదానితో ఒక సొంత వాక్యం రాయాలి. నేను టీచర్ని కాను, రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిన అనుభవం ఉందని ఆమె అత్తగారు వచ్చి అడిగింది. రోజూ సాయంత్రం నాలుగున్నరకు రమ్మన్నాను.

మొదట తీసుకున్నది స్టంబ్లింగ్ బ్లాక్. చర్చికి వెళ్ళేవాళ్ళకు బైబిల్లో వచ్చే అడ్డురాయి అన్న మాట కొత్త కాదు కాబట్టి అర్థం చెప్పడం కష్టం కాలేదు. ఊహించి రాయొద్దు, నీ బతుకులో జరిగిందే రాయి, అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి అని చెప్పాను. మర్నాడు ఐదు వాక్యాలు తెచ్చింది. మొదటిది తెలుగులో చెబితే ఇది: బట్టలు ఉతకడానికి వాన అడ్డయింది, కానీ దేవుడు మధ్యాహ్నం ఎండ ఇచ్చాడు, బట్టలన్నీ ఆరాయి. రెండోది: రామతీర్థంలో పెళ్ళికి వెళ్ళడానికి బస్సు లేకపోవడం అడ్డయింది, కానీ దేవుడు ఒక ఆటో పంపించాడు, మేము తాళి కట్టే వేళకు అందుకున్నాము. ఐదూ అంతే. అడ్డు వరకు ఇంగ్లీషు బాగానే ఉంది. ఆ తరవాత రాసిన తోకలోనే తప్పులన్నీ.

కారణం నాకు వెంటనే తెలిసింది. మా చర్చిలో ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతారు. కష్టం చెప్పి కూర్చోవడం ఉండదు. అది ఎలా తీరిందో చెప్పి, స్తోత్రం అన్నాకే కూర్చోవాలి. ఆమె చిన్నప్పటినుంచీ అదే వింది.

"అడ్డు ఏమిటో చెప్పావు కదా, అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి కలం ఎత్తెయ్యి. వాళ్ళు అడిగింది అంతే," అన్నాను.

"అడ్డొచ్చిందని రాసీసి అలా ఒగ్గీడమేటి మావా? సదివినోళ్ళు ఏటనుకుంటారు? పాపం, అక్కడే ఉండిపోనాదనుకోరా?"

నా డైరీలు తెచ్చి చూపించాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి రాస్తున్నాను. ప్రతి పేజీ అడుగున ఒక గీత కొట్టి, కింద ఆ రోజు ఆగిన పని, ఆగిన కారణం రాస్తాను. ఆఫీసులో పెండింగు రిజిస్టరు రాసిన అలవాటు. ఒక పేజీ తీసి, "పాతపట్నం ప్రయాణం. వాగు పొంగి దారి ఆగింది," అని చదివి, దీన్ని ఇంగ్లీషులో పెట్టమన్నాను.

"మరెలా ఎల్లారు?"

"అది రాయలేదు."

"పని అయ్యిందా?"

"గుర్తులేదు."

"వాగు కాడే ఒగ్గీశారేటి మావా మిమ్మల్ని!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఆయన పుస్తకాలన్నీ అంతేనే. అందులో నేను ముప్పై ఏళ్ళ బట్టి జొరంతోనే ఉన్నాను. తగ్గినట్టు ఎక్కడా రాయలేదు."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను డైరీ మూసి, రేపటి నుంచి తోక రాసిన వాక్యానికి సున్నా అన్నాను. మూడు వారాలు అలాగే వేశాను. నాలుగో వారానికి ఆమె కలం అడ్డు దగ్గర ఆగడం నేర్చుకుంది.

బడి తెరిచిన వారం శనివారం పరీక్ష జరిగింది. సోమవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి, పదికి తొమ్మిది వచ్చాయన్న సంగతి మాకు అప్పటికే తెలుసు.

"ఉజ్జోగం వచ్చిందంట గదే, ఆ మొకమేటి?" అని మా ఆవిడ అడిగింది.

"స్టంబ్లింగ్ బ్లాక్‌కి ఏటి రాసానో తెలుసా మావా? నా చదువుకి మా ఆయన తాగుడు అడ్డయిందని రాసాను. నిజమే రాయమన్నారు గదా మీరు. అదే అన్నింటికన్నా బాగుందని హెడ్మిస్ట్రెస్ గారు టీచర్లందరి ముందూ సదివేరు."

ఆమె భర్త తాపీ మేస్త్రి. తాగుడు మాని మూడేళ్ళయింది. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు. బడిలో టీచర్లు చాలామంది విజయనగరం నుంచి రైల్లో వచ్చిపోయేవాళ్ళు, వాళ్ళకు తెలియదు. పైగా వచ్చే నెల బడి వరండా గచ్చు పని అతనిదే.

"మానేశాడని రాద్దునే. మీరే కలం ఎత్తమన్నారు, ఎత్తీశాను. ఇప్పుడు ఆ మనిషి అక్కడ పని సేస్తంటే ఆళ్ళంతా ఎలా సూస్తారు? ఆ కాయితం సరిసెయ్యకపోతే నాకీ ఉజ్జోగం వద్దు. ఆయాగానే ఉంటాను."

మర్నాడు ఉదయం ఆమెతో బడికి వెళ్ళాను.

హెడ్మిస్ట్రెస్ గారు విని, "దిద్దిన కాగితంలో మళ్ళీ రాయనివ్వకూడదు కదండీ," అన్నారు. నిజమే. ఆఫీసులో నేనైనా ఒప్పుకోను. అయితే ఫైలులో ఉన్న కాగితం దిద్దకూడదు గాని, దాని అడుగున వివరణ రాసి తేదీ వేసి సంతకం పెట్టవచ్చు, మేము అలాగే చేసేవాళ్ళం అని చెప్పాను. ఆవిడ బీరువా తీసి కాగితం ఇచ్చారు.

ఆమె నన్ను ఒక్క మాట అడగలేదు. వంగి, మార్కుల కింద ఒక వాక్యం రాసింది. మూడేళ్ళ క్రితం అతను మానేశాడని, ఇంటర్మీడియెట్ పరీక్ష ఫీజు కట్టడానికి తనే లైన్లో నిలబడ్డాడని. అందులో రెండు తప్పులు ఉన్నాయి. నేను ఊరుకున్నాను.

హెడ్మిస్ట్రెస్ గారు చదివి, కింద తమ సంతకం చేసి, కొత్త ఉద్యోగపు చేరిక కాగితం ముందుకు జరిపారు.

"అమ్మగారూ, ఇది కూడా ఆళ్ళందరికీ సదివి ఇనిపించండి," అంది ఆమె.

ఆవిడ మొదట నవ్వబోయి, ఆమె ముఖం చూసి లేచారు. పక్కగదిలో టీచర్లు ప్రార్థన గంటకు ముందు టీ తాగుతున్నారు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి మొదటి వాక్యం మళ్ళీ చదివి, దాని వెంట రెండోది చదివారు. ఆమె చివరి మాట దాకా నిలబడి విని, అప్పుడు చేరిక కాగితం మీద సంతకం పెట్టింది.