కిస్తు తప్పకూడదని మాత్రలు మానేసిన మనిషి

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా ఆయన లక్ష్మీరాజం పదిహేను రోజులకోసారి కోరుట్ల దగ్గరున్న మా ఊరికి వచ్చేవాడు. ఆ సారి బస్సు దిగి ఇల్లు చేరేలోపు మూడుచోట్ల కూర్చున్నాడట. దగ్గు అప్పటికి రెండు నెలలుగా ఉంది. నూలు దుమ్ము అనుకున్నాం. సాంచాల మీద పనిచేసేవాళ్లంతా దగ్గుతారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రోజు అంగీ వదులై భుజం మీంచి జారుతుంటే చూసి నాకు భయమేసింది.

జగిత్యాల తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీసి, కఫానికి స్పుటం టెస్ట్ చేశారు. టీబీ.

“రిఫాంపిసిన్ కోర్సు. ఒక్క దినం గూడ తప్పొద్దు. రెండు నెలలకు పానం మంచిగనిపిస్తది, గప్పుడే అందరు ఆపుతరు,” అని డాక్టర్ ఆయన మొహం మీదే చెప్పాడు.

సర్కారు దవాఖానలో మాత్రలు ఒకసారి ఉంటే ఇంకోసారి ఉండేవి కావు. బయట కొనాల్సిందే. ఆయన పని మానేశాడు. నేను బీడీలు చుట్టిన డబ్బులు మందులకే తీసిపెట్టాను.

ఇక్కడ మా అప్పు సంగతి చెప్పాలి. అంతకుముందు సొంతంగా రెండు పాత సాంచాలు కొందామని మా ఊళ్లో వరసకు మామ అయ్యే గంగారాం దగ్గర బాకీ తెచ్చాం. సాంచాలు నష్టంలో పోయాయి, వడ్డీ అసలును మించింది. అవి నక్సలైట్ అన్నలు ఊళ్లోకి వచ్చి పంచాయితీలు చేసే రోజులు. అందరి ముందు కూర్చోబెట్టి, వడ్డీ మాఫీ, అసలు నెలనెలా కిస్తుగా కట్టాలని తేల్చారు. కాగితం లేదు. మా ఆయన లేచి నిలబడి సరేనన్నాడు. మాకు మేలే జరిగింది, కాదనను. కానీ జబ్బు చేస్తే ఎట్లా అని ఆ పంచాయితీలో ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు.

జబ్బు బయటపడ్డాక రెండు కిస్తులు తప్పాయి. గంగారాంను గడువు అడగమంటే ఆయన వినడు. అన్నల ముందు ఇచ్చిన మాట తప్పాడని ఊరు అంటుందని ఒక భయం. పోనీ అన్నలకే చెప్పుకుందామంటే, పోలీసులకు తెలిసి ఠాణాలో కూర్చోబెడతారని ఇంకో భయం. రెండింటి మధ్య నోరు మూసుకుని కూర్చున్నాడు.

మూడో నెలకు ఒళ్లు తేరుకుంది. ఇకనుంచి తానొక్కడే జగిత్యాల పోయి మాత్రలు తెచ్చుకుంటానన్నాడు. సంతోషపడి డబ్బులు చేతిలో పెట్టాను. అలా రెండు నెలలు. ఒకరోజు బీడీలు అప్పజెప్పి వస్తుంటే గంగారాం ఎదురొచ్చి నవ్వాడు.

“మనిషంటే నీ పెనిమిటి, కోడలా. గంత జబ్బుల గూడ తప్పిన కిస్తులతోని కలిపి కట్టిండు.”

నిలబడ్డచోటే అంతా అర్థమైంది. ఇంటికొచ్చి డబ్బా తీస్తే పాత మాత్రల ఖాళీ అట్టలే ఉన్నాయి, కొత్తది ఒక్కటీ లేదు. గొంతు చించుకుని తిట్టాను. ఆయన గోడవైపు తిరిగి, “నలుగుట్ల మాటిచ్చిన,” అన్నాడు. ఆ నలుగురిలో ఒక్కరూ మా గడప తొక్కి ఎలా ఉన్నావని అడగలేదు. వాళ్ల కోసం నా పసుపుకుంకుమలు పణం పెట్టాడు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టించినా నెల తిరక్కముందే దగ్గులో రక్తం పడింది. మళ్లీ జగిత్యాల.

“నడుమల ఆపిన్రు. గా మందు ఇప్పుడు పనిచేస్తదో లేదో చెప్పలేను. ఇంజెక్షన్లు ఇయ్యాలె, కోర్సు మళ్ల మొదటి నుంచి,” అన్నాడు డాక్టర్. నువ్వేం చేస్తున్నావమ్మా అని నన్నూ కసిరాడు. గంగారాం మీద, అన్నల మీద, పోలీసుల మీద, మా ఆయన మీద ఒళ్లు మండిపోయింది. డబ్బా తెరిచి చూడకుండా డబ్బులిచ్చిన నా మీద ఇంకా ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే గంగారాం ఇంటికి వెళ్లాను. అరుగు మీద మనుషులుండగానే చెప్పాను.

“మామా, కోర్సు అయ్యేదాక కిస్తు రాదు. బాకీ ఎగ్గొట్టం. ఆయన తెచ్చిచ్చినా తీస్కోకు. గవి మందుల పైసలు.”

మాట తప్పారని అన్నలకు చెబుతానన్నాడు.

“చెప్పు. నేను గూడ అస్త. రక్తం వడ్డ తువ్వాల వట్కొని అస్త.”

గంగారాం అరుగు మీదున్నవాళ్ల వైపు చూసి, ముందు మనిషిని బతికించుకో అన్నాడు. మూడు నెలల కింద అడిగి ఉంటే అప్పుడే ఆ మాట అనేవాడేమో!

ఇంజెక్షన్లకు ఆయనకు తల తిరిగేది, చెవుల్లో హోరు. కుడి చెవి సరిగా వినబడకుండా పోయింది. ప్రతి మాత్రా నా చేతితో ఇచ్చి, మింగాక నోరు తెరిపించి చూశాను. కోర్సు పూర్తయ్యాక స్పుటం నెగెటివ్ వచ్చింది. బాకీ నా బీడీల మీద మెల్లగా తీరింది. ఆయన మళ్లీ సాంచాలకు పోలేదు. నాలుగు అడుగులు ఎక్కువ వేస్తే ఇప్పటికీ ఆయాసమే.

నేను చెప్పేది ఒకటే. కిస్తు తప్పేలా ఉంటే కట్టాల్సిన రోజు రాకముందే పోయి నోరు తెరిచి చెప్పండి, మందుల డబ్బు మాత్రం ముట్టకండి. ఇంట్లో మగవాడు సిగ్గుపడితే మీరే వెళ్లండి. గంగారాం అరుగు ముందు పరువు తీశానని మా ఆయన ఈనాటికీ నా మీద కోపంగానే ఉన్నాడు. ఉండనీ. కోప్పడటానికి మనిషి ఉన్నాడు.