తాలు ఏరిన పెద్దమ్మ

పోయిన నెల మా పెద్దమ్మ ఖమ్మం దవాఖానాలో చేర్చిన రోజే కన్నుమూసింది. "అమ్మ పోయింది చెల్లే" అని పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో పనిలో ఉన్నాను. "ఆఁ" అని, రాస్తున్న లైను పూర్తిచేసి, అప్పుడు ఏడ్చాను. నా బుర్ర అలాంటిది. డాక్టరు దానికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పేదాకా ఇంట్లో అందరూ పరాకు అనేవారు.

నేను ప్రోగ్రామర్‌ని. రెండేళ్ల కిందట, టెస్టింగ్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో కస్టమర్ల వివరాలు చెరిపేశాను. ఇంకొక్క తప్పు చేస్తే ఉద్యోగం ఉండదన్నారు. ఎవరికీ మొహం చూపించలేక జూలూరుపాడులో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, అక్కడినుంచే పనిచేశాను.

పెద్దమ్మ మిర్చి కల్లంలో తాలు కాయలు ఏరేది. ఎర్రటి కుప్పలో తెల్లబారిన కాయ ఒక్కటి కనపడినా ఊరుకునేది కాదు. అంత చేసీ, బస్తాకెత్తే ముందు తన కుప్పను పక్కామెకు అప్పగించి లేచిపోయేది. ఎందుకని అడిగాను.

"ఎవరేరిన కుప్ప వాళ్లు చూసుకోవద్దు బిడ్డా. ఏరి ఏరి అలసిన కండ్లకు తాలు గూడ ఎర్రగనే కనపడ్తది."

"మరి నా కుప్ప ఎవరు చూస్తరు?"

"నాకు సదివి ఇనిపియ్యి."

ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా పని పంపే ముందు ప్రతి లైనూ పైకి చదివేదాన్ని. లైను లైనుకూ "ఊ" కొట్టేది. ఒకరోజు ఆపేసింది. "ఏంది, పొద్దుగాల ఇంకో పేరు చెప్పినవ్ గదా?" చూస్తే, మళ్లీ అసలు సర్వర్ పేరే రాసి ఉంది. ఆ రోజు నా ఉద్యోగం నిలబెట్టింది ఆమే.

ఖమ్మం తిరిగొచ్చాక కూడా రోజూ ఫోన్‌లో చదివేదాన్ని. మళ్లీ ఒక్క తప్పూ పోలేదు. మా పెద్దమ్మ చలవ అంటే ఆఫీసులో నవ్వేవారు.

పెద్దమ్మ ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయని దవాఖానాలో డాక్టరు చెప్పాడట. "అంతగనం దగ్గేది, నీకు తెల్వదా?" అన్నాడు అన్న. రోజూ మాట్లాడింది నేనే. నాకు తెలియలేదు.

నా ఫోన్‌లో కాల్స్ వాటంతటవే రికార్డవుతాయి. కర్మ అయ్యాక చివరిది విన్నాను. రెండు లైన్లకోసారి దగ్గు. నా గొంతు ఎక్కడా ఆగలేదు. ఒకచోట ఆమె "బిడ్డా, ఒక మాట" అంటుంది. "ఒక్క నిమిషం పెద్దమ్మా, అయిపోయింది" అంటాను. అంతా చదివి, థాంక్స్ చెప్పి, ఫోన్ కట్ చేయడం మరిచిపోయి పనిలో పడ్డాను. ఆ తర్వాతంతా నా కీబోర్డు చప్పుడు, అటువైపు ఆమె ఊపిరి. చాలాసేపటికి ఆమే పెట్టేసింది.